అరబ్బీ పదానికి వజను ఎక్కడిది?

ఈ పాఠానికి మీకు అరబ్బీ వచ్చి ఉండనక్కరలేదు. తహసీల్దారు కార్యాలయం ఎక్కడుందో తెలిస్తే చాలు. అరబ్బీలో 'తహ్‌సీల్' అంటే రాబట్టడం. కోత, నూర్పిడి అయ్యాక రైతు పంట 'మాసూలు' అయిందంటాడు. ఆ మాట 'మహ్‌సూల్', అంటే రాబట్టినది, చేతికి వచ్చిన ఫలసాయం. 'హాసిల్' అంటే లభించినది. ఈ మూడింటి పక్కన మరో మూడు మాటలు పెట్టండి: తాలీం (నేర్పడం), మాలూం (తెలిసినది), ఆలిం (తెలిసినవాడు, పండితుడు). ఆరూ అరబ్బీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మన ప్రాంతానికి వచ్చినవే. ఇప్పుడు జంటలుగా పైకి చదవండి: తహ్‌సీల్–తాలీం, మహ్‌సూల్–మాలూం, హాసిల్–ఆలిం. జంటలోని రెండు మాటలకూ అర్థంలో చుట్టరికం లేదు. నడక మాత్రం ఒక్కటే.

ఆ నడక ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మన ప్రశ్న. దీనికి పరిచయ గ్రంథాలన్నీ ఒకే జవాబు చెబుతాయి. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ చాలదో మీతో కలిసి పరిశీలించాలని ఈ పాఠం రాస్తున్నాను.

మూస అనే పోలిక

ముందు ఆ జవాబును న్యాయంగా చెప్పుకుందాం. అరబ్బీ పదానికి మూలం సాధారణంగా మూడు హల్లుల ధాతువు. తహ్‌సీల్, మహ్‌సూల్, హాసిల్ మూడింటిలోనూ హ్-స్-ల్ అనే హల్లులు అదే వరుసలో ఉన్నాయి. తాలీం, మాలూం, ఆలిం మాటల్లో ఉన్నవి ఐన్-ల్-మ్. 'ఐన్' గొంతు అడుగున పుట్టే హల్లు. మనకు అది లేదు. ఇకమీదట దాన్ని ఈ (’) గుర్తుతో చూపిస్తాను. (అరబ్బీలోని రెండు హకారాలకూ, రెండు సకారాలకూ తెలుగు లిపిలో తేడా చూపలేం. ఆ లోటును మన్నించండి.) ధాతువు అర్థాన్ని మోస్తుంది. దాని మధ్య దూరే అచ్చులు, ముందు చేరే త-, మ- వంటివి వ్యాకరణాన్ని మోస్తాయి. ధాతువు కరిగిన లోహం, అచ్చుల అమరిక మూస. పోస్తే పదం తయారు. తెలుగులో 'అచ్చు' అంటే స్వరమూ అవుతుంది, పోతపోసే మూసా అవుతుంది కనుక ఈ పోలిక మన విద్యార్థులకు మరీ తొందరగా నచ్చుతుంది.

అరబ్బీ వైయాకరణులు మూసలను చూపడానికి ఫ్-’-ల్ ('చేయు') అనే ధాతువును నమూనాగా వాడారు. హాసిల్, ఆలిం 'ఫా’ఇల్' మూసలోవి. మహ్‌సూల్, మ’లూమ్ 'మఫ్’ఊల్' మూసలోవి. తహ్‌సీల్, త’లీమ్ 'తఫ్’ఈల్' మూసలోవి. ఎంత పొందికైన పద్ధతో చూడండి. పన్నెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది.

ఈ వివరణ తప్పని నేను అనను. అయితే ఇది అసలు విషయంలో సగమే. ఆ సగాన్నే మొత్తమనుకుంటే రెండు చిక్కులు వస్తాయి. మొదటిది చిన్నది. విద్యార్థి ప్రతి పదంలోనూ హల్లులు ఏరడం మొదలుపెడతాడు. 'వసూలు', 'మాసూలు' రెండూ రాబడికి సంబంధించినవే, రెండింటిలోనూ 'సూలు' ఉంది, కనుక ఒకే ధాతువు అని రాసిన జవాబుపత్రాలు నేను చాలా దిద్దాను. వసూలుకు మూలం వ్-స్-ల్, 'చేరుట'. మాసూలుది హ్-స్-ల్. తెలుగులోకి వచ్చేసరికి ధాతువులోని హకారం అరిగిపోయింది. 'అమలు', 'మామూలు' విషయంలో తలకిందులు. పైకి సంబంధం లేనట్టుంటాయి గాని రెండూ ’-మ్-ల్ ('పనిచేయు') అనే ఒకే ధాతువు బిడ్డలు. ఐన్ మాయమైపోవడంతో ఆ చుట్టరికం మనకు కనబడదు.

రెండో చిక్కు పెద్దది. మూస అనగానే అది ఎవరో చెక్కిపెట్టిన రూపమని, ఎందుకలా ఉందని అడగకూడదని, జాబితాను కంఠస్థం చేయడమే మార్గమని అనిపిస్తుంది. కాని అరబ్బులు మూసకు పెట్టుకున్న పేరు మూస కాదు. 'వజ్న్' అన్నారు. మన సంతలో, కిరాణా కొట్టులో వినిపించే 'వజను' అదే మాట. తూకం. పద్యపాదపు కొలతకూ వాళ్లు అదే పేరు వాడతారు. ఈ పేరును అలంకారంగా కాక ఉన్నదున్నట్టు తీసుకోవాలన్నది నా వాదం.

గురులఘువుల్లో చూస్తే

ఇంటర్మీడియట్ తెలుగులో గణవిభజన చేసినవారికి ఇక్కడ కావలసిన పనిముట్టు చేతిలోనే ఉంది. హ్రస్వాక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘాక్షరం గురువు, రెండు మాత్రలు. ద్విత్వానికో సంయుక్తాక్షరానికో ముందున్నదీ, పొల్లుతో కూడినదీ గురువే. అరబ్బీలో అక్షరాల తూకం కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది.

'కతబ' అంటే రాశాడు. మూడు లఘువులు, నగణం. 'కత్తబ' అంటే రాయించాడు. 'కాతబ' అంటే ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. ఈ రెండింటికీ గణం కట్టి చూడండి. గురువు, లఘువు, లఘువు. రెండూ భగణమే. మూస దృష్టితో చూస్తే ఇవి రెండు వేర్వేరు రూపాలు, ఒకదానిలో హల్లు రెట్టించింది, మరొకదానిలో అచ్చు సాగింది. తూకం దృష్టితో చూస్తే జరిగిన పని ఒక్కటే, మొదటి అక్షరానికి ఒక మాత్ర కలిసింది. ఆ మాత్రను హల్లుతో నింపితే ఒక అర్థం, అచ్చుతో నింపితే మరో అర్థం.

మన దగ్గరికి వచ్చిన మాటల్లోనూ ఇది కనిపిస్తుంది. త’లీమ్‌లో మొదటి అక్షరం ఐన్ అనే పొల్లుతో గురువు. ఐన్ పలకని ఉర్దూ నోట అది 'తాలీం' అయింది. హల్లు పోయిన చోట అచ్చు సాగి లోటు పూడ్చింది. మ’లూమ్ మాలూం అయింది, మ’మూల్ మామూల్ అయింది. ధాతువులో మూడో వంతు పోయినా గురువు గురువుగానే మిగిలింది. ఖాజీ, రాజీ, మాజీ అనే మాటలు మనకు ప్రాస కుదరడానికి కారణమూ ఇలాంటిదే. మూడూ ఫా’ఇల్ రూపాలు: తీర్పు చెప్పేవాడు, సమ్మతించినవాడు, గడచినది. మూడు ధాతువుల్లోనూ చివరి హల్లు యకారమో వకారమో. ఇకారం తర్వాత ఆ హల్లు నిలవలేక దానిలో కరిగి 'ఈ' అయింది. ఆలిమ్‌లో గురువు, గురువు. ఖాజీలోనూ అంతే.

ధ్వనులు రంగు మార్చుకున్నా తూకం నిలబడుతుందనడానికి ఇంకొక్క ఉదాహరణ. 'ఇఫ్త’అల' అనే వజనులో ధాతువు మొదటి హల్లు తరువాత ఒక తకారం వస్తుంది. క్-స్-బ్ నుంచి 'ఇక్తసబ' (సంపాదించాడు). జ్-హ్-ర్ ('పూయు') నుంచి 'ఇజ్తహర' రావాలి గాని వచ్చేది 'ఇజ్దహర'. నాదమున్న జకారం పక్కన తకారం దకారమైంది. ద్-’-వ్ నుంచి అయితే త పూర్తిగా దకారంలో కలిసిపోయి 'ఇద్ద’ఆ' (దావా వేశాడు) అవుతుంది. దానినుంచి 'ముద్ద’ఈ'. అరబ్బీలో అతను ఫిర్యాది. మన 'ముద్దాయి' ఆ కుటుంబపు మాటే అయినా ఇవాళ నిందితుడు. న్యాయస్థానంలో ఈ మాట ఒక బోనులోంచి మరో బోనులోకి ఎలా మారిందన్నది వేరే కథ.

బహువచనం దగ్గర పరీక్ష

ఇంతవరకు చెప్పినదాన్ని మూస పక్షం వారు కూడా ఒప్పుకోవచ్చు. 'మూసలకు తూకం ఉంటుంది, ఉంటే ఏం' అనవచ్చు. తేల్చిచెప్పే పరీక్ష బహువచనం దగ్గర ఉంది.

అరబ్బీలో కొన్ని నామాలకు ప్రత్యయం చేర్చి బహువచనం చేస్తారు: ముదర్రిస్ (ఉపాధ్యాయుడు), ముదర్రిసూన్. ఇది మన '-లు' లాంటిదే. కాని చాలా నామాలకు పదాన్ని లోపల విరిచి బహువచనం చేస్తారు. అరబ్బీలో దీని పేరే 'విరుపు బహువచనం'. సంప్రదాయ వ్యాకరణాలు ఈ రూపాలను జాబితాగా ఇస్తాయి. ఆ జాబితా ముప్పైకి అటూ ఇటూగా సాగుతుంది. చదివినవాడికి నీరసం రావడం సహజం.

ఇప్పుడు ఈ జంటలు చూడండి. నఫ్స్ (ప్రాణం), నుఫూస్. రజుల్ (పురుషుడు), రిజాల్. మక్తబ్ (రాతబల్ల, కార్యాలయం), మకాతిబ్. మిఫ్తాహ్ (తాళంచెవి), మఫాతీహ్. సుల్తాన్, సలాతీన్. జున్‌దుబ్ (మిడత), జనాదిబ్. జజీరా (దీవి), జజాఇర్. అల్జీరియా దేశాన్ని అరబ్బులు పిలిచే పేరు ఈ చివరిదే, 'దీవులు'.

బహువచనాల మొదటి రెండు అక్షరాలకు గురులఘువులు గుర్తించండి. ను-ఫూ, రి-జా, మ-కా, మ-ఫా, స-లా, జ-నా, జ-జా. ప్రతిచోటా లఘువు, ఆపైన గురువు. మన ఛందస్సులో వగణం. జాబితాలో విడివిడిగా కూర్చున్న రూపాలన్నీ ఈ ఒక్క గణం దగ్గర కలుసుకుంటాయి.

జాన్ మెకార్తీ, అలన్ ప్రిన్స్ 1990లో ప్రకటించిన వ్యాసంలో దీన్ని సూత్రబద్ధం చేశారు. అంతకుముందు 1979 నాటి సిద్ధాంత వ్యాసంలో మెకార్తీ ధాతువును, అచ్చులను, అస్థిపంజరాన్ని మూడు వేర్వేరు అంతస్తుల్లో పెట్టి చూపాడు. అది మూస సిద్ధాంతానికి కొత్త బట్టలు తొడగడమే అనవచ్చు. 1990 వ్యాసంలో ఆయనే మరో అడుగు వేశాడు. ఏకవచనంలో మొదటి రెండు మాత్రలను తీసుకోండి. సుల్తాన్‌లో 'సుల్'. దాన్ని వగణానికి సాగదీయండి, 'సలా' వస్తుంది. మిగిలిన ముక్క 'తాన్'. అందులో అచ్చు 'ఈ'గా మారుతుంది గాని దీర్ఘం దీర్ఘంగానే ఉంటుంది. సలాతీన్. జున్‌దుబ్‌లో మిగిలిన ముక్క 'దుబ్', హ్రస్వం, కాబట్టి 'దిబ్'. జనాదిబ్. మక్తబ్‌కు మకాతిబ్, మిఫ్తాహ్‌కు మఫాతీహ్ వచ్చిన తేడా కూడా ఇదే.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మఫాతీహ్‌లోని దీర్ఘం ఎక్కడిది? ఫ్-త్-హ్ అనే ధాతువు దగ్గర లేదు, ధాతువుకు అచ్చులే ఉండవు. మిఫ్తాహ్ అనే తయారైన పదం దగ్గర ఉంది. మకార సంగతి చూడండి. మక్తబ్, మిఫ్తాహ్ మాటల్లో 'మ' ధాతువుది కాదు, పైనుంచి చేరింది. బహువచనం ధాతువు నుంచి కొత్తగా పోతపోస్తే ఆ మకారానికి చోటు దొరకనక్కరలేదు. అయినా మకాతిబ్, మఫాతీహ్ రెండింటిలోనూ అది పెద్దకొడుకులా ముందు కూర్చుంది. బహువచనం చూస్తున్నది ధాతువుని కాదు, ఏకవచన పదాన్ని. ఆ పదాన్ని తూచి, మొదటి రెండు మాత్రలు వేరుచేసి, మిగతాది ఉంచుకుంటోంది. మూస సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బ అని నా అభిప్రాయం.

అల్పార్థకాలు (చిన్నది, ముద్దుది అనే అర్థమిచ్చేవి) కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. హసన్‌కు అల్పార్థకం హుసైన్. మొహర్రం పీర్ల దగ్గర మీరు వినే జంట పేర్లు ఇవే. హు-సైన్, లఘువు, గురువు. జున్‌దుబ్‌కు జునైదిబ్, సుల్తాన్‌కు సులైతీన్. బహువచనంలో 'అ-ఆ' ఉన్నచోట ఇక్కడ 'ఉ-ఐ' ఉంది. గణం మారలేదు, చివరి దీర్ఘమూ చెక్కుచెదరలేదు. రెండు వేర్వేరు వ్యాకరణ కార్యాలు ఒకే వగణాన్ని వాడుకోవడం కాకతాళీయం కాదు.

పదం మరీ పొడవైతే? ’అన్కబూత్ అంటే సాలెపురుగు. హల్లులు ఐదు. బహువచనం ’అనాకిబ్. చివరి తకారాన్ని కత్తిరించి పారేశారు. పారశీకం నుంచి వచ్చిన బర్నామజ్ (కార్యక్రమం) బహువచనం బరామిజ్. నకారం పోయింది. అర్థాన్ని మోసేవి హల్లులేనని చెప్పే సిద్ధాంతం, ఆ హల్లునే బయటికి నెట్టి తూకాన్ని కాపాడుకునే భాషను ఎలా వివరిస్తుందో మీరే అడిగి చూడండి.

విచిత్రమేమంటే ఈ కొలత అరబ్బులకు కొత్త కాదు. 8వ శతాబ్దిలో బస్రా నగరంలో పాఠాలు చెప్పిన అల్-ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బీ ఛందశ్శాస్త్రానికి ఆద్యుడు. పద్యపాదాన్ని ఆయన గుడారంతో పోల్చాడు. ఒక గురువును 'సబబ్' (తాడు) అన్నాడు. లఘువు, గురువు కలిసిన ముక్కను 'వతద్' (గుడారపు మేకు) అన్నాడు. పాదంలో తాళ్లు వదులవుతాయి, బిగుస్తాయి. మేకు మాత్రం సాధారణంగా కదలదు. మన వగణమే ఆయన మేకు. పద్యం దగ్గర ఆయన చేతిలో ఉన్న కొలబద్దను బహువచనాల దగ్గరికి తీసుకువెళ్లి ఉంటే ఆ పొడవాటి జాబితా అప్పుడే కుదించుకుపోయేది. ఆ తరువాతి తరాలు మాత్రం పద్యానికి ఒక పెట్టె, పదానికి ఒక పెట్టె పెట్టుకున్నాయి.

ధాతువు తరఫు సాక్ష్యం

ఇంత చెప్పాక 'ధాతువు నిఘంటుకర్తల కల్పన' అనేయడానికి నోరు ఊరుతుంది. కొందరు అన్నారు కూడా. నేను వారితో ఏకీభవించను.

ధాతువులోని హల్లులు కూడా ధ్వని నియమాలకు లోబడే కూర్చుంటాయి. ఖలీల్ పేరుతో నిలిచిన 'కితాబ్ అల్-ఐన్' నిఘంటువు మూడు హల్లులను ఆరు వరుసల్లో తిప్పి, భాషలో ఉన్నవేవో లేనివేవో చెబుతుంది. ఐన్, కంఠపు హకారం పుట్టే చోట్లు మరీ దగ్గర కనుక ఒకే మాటలో ఇమడవని దాని పీఠిక గమనించింది. నాలుగైదు ధాతుహల్లుల మాటలో ర, ల, న, ఫ, బ, మ లలో ఒకటైనా లేకపోతే అది పరాయి మాటని అనుమానించమంది. నిఘంటువు పీఠికలో ఇంతటి ధ్వనిశాస్త్రం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 1950లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అరబ్బీ ధాతువులను లెక్కించి ఇదే దారిలో మరింత దూరం వెళ్లాడు. మ్-ద్-ద్ వంటి ధాతువులు ఎన్నో ఉన్నాయి, మ్-మ్-ద్ వంటివి దాదాపు లేవు. ఈ నియమం హల్లుల మధ్య అచ్చులు ఏవైనా, అసలు లేకపోయినా వర్తిస్తుంది. అంటే అచ్చులను దాటి హల్లులు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ధాతువు ఒక వాస్తవం కాకపోతే ఇది జరగదు.

మరో సాక్ష్యం వైద్యం వైపు నుంచి వచ్చింది. మెదడు దెబ్బతిని మాట తడబడిన ఒక ద్విభాషిని గురించి ప్రూనే, బెలాన్, ఇద్రిసీ 2000లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ వ్యక్తికి అరబ్బీ, ఫ్రెంచి రెండూ వచ్చు. అరబ్బీలో అతని తప్పులు ధాతువు హల్లులను తారుమారు చేసేవి, అచ్చుల అమరిక ఉన్నచోటే ఉండేది. ఫ్రెంచిలో ఆ రకం తారుమారు లేదు. అంటే ధాతువు నిఘంటువులోనే కాదు, మనిషి మెదడులోనూ ఉంది.

అయితే ధాతువూ, తూకమూ రెండూ నిజమే అని మధ్యేమార్గంగా చెప్పి తప్పుకోను. వాటి పనులు వేరు. ధాతువు మాటల మధ్య చుట్టరికాన్ని గుర్తుపెడుతుంది. కొత్త మాటకు, ముఖ్యంగా బహువచనానికి, అల్పార్థకానికి రూపమిచ్చేటప్పుడు భాష తూచేది మాత్రం అప్పటికే పలుకుబడిలో ఉన్న పదాన్ని. ధాతువే లేని పరాయి మాటలు దీనికి రుజువు. తెలంగాణ పల్లెల్లో లాంతరును 'కందీలు' అంటారు. అది అరబ్బీ 'కిందీల్'. లాటిన్ 'కండేలా'కు చుట్టం. అరబ్బీ ధాతువు నుంచి పుట్టింది కాదు. అయినా బహువచనం కనాదీల్. దీర్ఘం నిలిచింది. యూరపు నుంచి వచ్చిన కున్సుల్ (దౌత్యాధికారి) బహువచనం కనాసిల్. హ్రస్వం నిలిచింది. జామూస్ (గేదె) పారశీక మూలానిది. బహువచనం జవామీస్. 'జా' అన్న రెండు మాత్రల్లో ఒకే హల్లుంది కనుక, గణం పూర్తికావడానికి ఎక్కడా లేని వకారాన్ని అరువు తెచ్చుకుంది.

ఈ వాదానికి లొంగనివీ ఉన్నాయి, వాటిని మీ నుంచి దాచను. కితాబ్ బహువచనం కుతుబ్. కి-తాబ్ లఘువు, గురువు. అంటే ఏకవచనమే వగణం. బహువచనంలో ఆ దీర్ఘం పోయింది. ఇది నేను చెప్పినదానికి ఎదురు. ఇటువంటి పొట్టి బహువచనాలను ఇప్పటికి జాబితాలోనే ఉంచక తప్పదు. 'ఫిల్మ్' అనే ఆధునిక పదం బహువచనం 'అఫ్లామ్'. ఇది గురువుతో మొదలవుతుంది. మెకార్తీ, ప్రిన్స్ దీన్ని లోపల వగణమేనని, మొదటి హల్లూ అచ్చూ తారుమారవడంతో ఇలా కనిపిస్తోందని అంటారు. నాకు అది సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి చేసిన సర్దుబాటులా తోస్తుంది. కొత్త మాటలు కూడా చేరుతున్న రూపాన్ని పక్కదారి అనడం కష్టం.

ఆ అఫ్లామ్ వజనులోని మాట ఒకటి మీకు ముందే తెలుసు. తెలుగులో 'కబురు' అయిన ఖబర్‌కు అది బహువచనం: అఖ్‌బార్. హైదరాబాదులో వార్తాపత్రికను ఆ పేరుతోనే అడుగుతారు. ఖబర్‌కూ అఖ్‌బార్‌కూ గురులఘువులు వేసి, లఘువు ఎక్కడ తగ్గిందో, మాత్ర ఎక్కడ పెరిగిందో గుర్తించండి. మెకార్తీ, ప్రిన్స్ చెప్పిన తారుమారు మీకు ఒప్పుదల అవుతుందో లేదో కారణంతో సహా ఒక పుటలో రాయండి.